చలిచేతులూ, వెచ్చని స్టీరింగూ

మోటారు బండి స్టీరింగును వేడిచేసే సాధనం ఒకటి వున్నదని చెబితే మన ఏటపల్లి బజారులో నవ్వనివాడు వుండడు. వైశాఖమాసపు ఎండలో నిలబెట్టిన బండి స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. దానికి తడితువ్వాలు చుట్టి తోలేవాళ్లను మనమందరము చూస్తూనే వున్నాము. అటువంటి ఊళ్లో స్టీరింగుకు మళ్లీ వేడి దేనికని ఎవరైనా అడిగితే తప్పు లేదు. కాని పుష్యమాసంలో తెల్లవారుఝామున నాలుగు గంటలకు అదే బండిని ఇంటిముందునుంచి బయటకు తీసే మనిషిని అడిగి చూడండి. ఆయన నవ్వడు.

మనది అడవి సీమ. గడ్చిరోలి జిల్లా 1982లో చంద్రపూరు నుంచి విడిపోయి వేరు జిల్లా అయింది. ఈ జిల్లా నేలలో సగానికి మించి అడవే. చెట్లమధ్య రాత్రి చలి దిగితే పొద్దెక్కేవరకూ కదలదు. వాగులు దాటేచోట మంచు మరీ దట్టము. ఇటు ఆలపల్లికీ, అహేరికీ, అటు ఎంతో దిగువనున్న సిరొంచకూ సరకు చేరవేసే పికప్పు బండ్లు బయలుదేరేది ఆ వేళకే. కూరగాయల మూటలు తెల్లవారేసరికి సంతలో దిగకపోతే ఆ నాటి బేరము పోయినట్లే. పైగా సూర్జాగఢ్ ఇనుపఖనిజపు లారీలు మన రోడ్లమీద నడవడం మొదలైన నాటినుంచి, ఎదురుగా వచ్చే బరువుబండికి దారి ఇవ్వడం ఎంత నేర్పుతో కూడిన పనో తోలేవాళ్లకు తెలుసు. అటువంటప్పుడు చేతివేళ్లు కొయ్యబారి వుంటే?

అందుచేత ఈ నెల మన ముచ్చటకు ఈ వెచ్చని స్టీరింగునే తీసుకొన్నాము. మన కుటుంబాలలో ఇంటికొక పికప్పు కాకపోయినా, వీధికి రెండు వున్నాయి. పిల్లలు కెనడాలోనూ, అమెరికాలోనూ వున్న ఇళ్లూ వున్నాయి. అక్కడ దొరికే వస్తువు పార్శిలులో ఇక్కడికి రావడానికి ఇప్పుడు పెద్ద ఆటంకమేమీ లేదు. వచ్చిన వస్తువును ఏమి చెయ్యాలన్నదే ప్రశ్న.

అసలు ఇది చలిదేశాల వస్తువు. ఎడ్మంటను వంటి ఊళ్లలో చలికాలపు ఉదయాన సున్నాకు దిగువ ఇరవై, ముప్పై డిగ్రీలు వింత కాదు. ఇంజను నీళ్లు కాగితేగాని బండిలోపలి హీటరు వెచ్చని గాలిని ఇవ్వదు. అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలే చేతులకు గండము. అందుకని గాలిని కాక మనిషిని తాకేచోటునే వేడిచేద్దామన్న ఆలోచన పుట్టింది. 1966లో కాడిలాక్ కంపెనీవారు కూర్చునే సీటుకు వేడి అమర్చి అమ్మారు. ఆ తర్వాత కాలంలో స్టీరింగుకూ వచ్చింది. అమెరికాలో పికప్పు అంటే సరకుబండి మాత్రమే కాదు, ఇంటిబండి కూడాను. ఫోర్డువారి ఎఫ్ వరస బండి 1977 నుంచి అక్కడ అమ్మకాలలో మొదటి ట్రక్కుగా నిలిచింది. ఖరీదైన రకం కొన్నవారికి కంపెనీయే వేడి స్టీరింగు బిగించి ఇస్తుంది. చవకరకం కొన్నవారు తర్వాత బజారులో కొని బిగించుకొంటారు. ఇప్పుడు కరెంటుతో నడిచే కార్లు వచ్చాక దీని విలువ మరింత పెరిగింది. కారులోని గాలినంతా కాచడానికి బ్యాటరీ ఎంతో ఖర్చవుతుంది. సీటునూ, స్టీరింగునూ కాచడానికి అందులో కొద్దిపాలు చాలు.

ఆ కొద్దిపాలు ఎంత? మన పికప్పు బ్యాటరీ 12 వోల్టులది. వేడిచేసే తీగ 5 ఆంపియర్ల కరెంటు తీసుకొంటుందనుకొందాము. 12ను 5తో హెచ్చిస్తే 60 వాట్లు. పూర్వం మన ఇళ్లలో వెలిగిన 60 వాట్ల బల్బు ఎంత వేడెక్కేదో పెద్దలకు జ్ఞాపకం వుండే వుంటుంది. ఆ వేడినే సన్నని తీగలోనో, బొగ్గునారలోనో పరచి, తోలుకింద దాచి, స్టీరింగు చుట్టూ తిప్పుతారు. మధ్యలో వేడిని కనిపెట్టి చూసే చిన్న సాధనం ఒకటి వుంటుంది. తగినంత వేడెక్కగానే అది కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ ఇస్తుంది. ఇస్త్రీపెట్టెలో జరిగేదీ ఇదే. ఇంతవరకూ ఇందులో మాయ ఏమీ లేదు.

చిక్కంతా ఇంకొకచోట వున్నది. సీటు కదలదు, కనుక దానికి తీగ ఇవ్వడం సులభము. స్టీరింగు తిరుగుతుంది. ఈ చివరినుంచి ఆ చివరికి మూడు చుట్లు, నాలుగు చుట్లు తిరిగే చక్రంలోకి, తిరగని బండినుంచి తీగ ఎలా పోవాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఏది కొనవచ్చునో, ఏది వద్దనాలో మనకే తెలిసిపోతుంది.

దీనికి లోకంలో మూడు జవాబులున్నాయి.

మొదటిది పాతకాలపు హారను పద్ధతి. చక్రం అడుగున ఒక ఇత్తడి వలయము, దానిని ఒరుసుకొంటూ ఒక చిన్న ముక్క. చక్రం ఎన్ని చుట్లు తిరిగినా వలయం మీద ముక్క ఆనే వుంటుంది. అయితే చాలా బండ్లలో ఆ ముక్కగుండా పోయేది హారను కరెంటు కాదు, హారను రిలేకు సంజ్ఞ ఇచ్చే బహుకొద్ది కరెంటు. కొందరు మేస్త్రీలు తెలివిగా, "ఆ వలయంనుంచే హీటరుకూ ఇచ్చేద్దాము" అంటారు. కొద్దిపాటి సంజ్ఞకోసం చేసిన ముక్కమీద 5 ఆంపియర్లు నడిపిస్తే అది కమురుతుంది. ముందు హారను పోతుంది. మన మలుపుల దారిలో హారను లేని బండి ఎటువంటిదో చెప్పనక్కరలేదు.

రెండవది కొత్తబండ్ల పద్ధతి. చక్రం వెనుక గుండ్రని డబ్బీలో చదునైన రిబ్బను తీగను గడియారపు స్ప్రింగులాగా చుట్టి పెడతారు. అందుకే దానికి క్లాక్ స్ప్రింగు అని పేరు. చక్రం ఇటు తిరిగితే రిబ్బను బిగుసుకొంటుంది, అటు తిరిగితే వదులవుతుంది. ఎక్కడా రాపిడి లేదు, తెగుదల లేదు. ఎయిర్ బ్యాగుకూ, హారనుకూ, స్టీరింగుమీది బొత్తాలకూ కరెంటు అందులోనుంచే పోతుంది. వేడి స్టీరింగుతో వచ్చిన బండికి ఆ డబ్బీలోనే హీటరుకు వేరే దారులు వుంటాయి. వేడి లేకుండా వచ్చిన బండి డబ్బీలో ఆ దారులు వుండకపోవచ్చును. అందుచేత చక్రం ఒక్కటీ కొని తెస్తే చాలదు, డబ్బీ కూడా మార్చాలి. కొన్నిటికి కంప్యూటరు పెట్టె కూడా మార్చవలసి వస్తుంది.

మూడవది సులభమైన పద్ధతి, అంటే సులభంగా కనిపించే పద్ధతి. స్టీరింగుమీద తొడిగే వేడితొడుగు ఇది. దానినుంచి టెలిఫోను తీగలాగా మెలికలు తిరిగిన వైరు ఒకటి వచ్చి సిగరెట్టు లైటరు రంధ్రంలో గుచ్చుకొంటుంది. ఏమీ విప్పనక్కరలేదు, మేస్త్రీ అక్కరలేదు. పార్శిళ్లలో ఎక్కువగా వచ్చేదీ ఇదే.

ఇటువంటిదే ఒకటి కిందటి చలికాలంలో మాకు దగ్గరివారైన ఒక కుటుంబానికి వచ్చింది. ఇంటాయన యాభై దాటినవాడు. అప్పుమీద కొన్న పికప్పు, ఇంకా రెండేళ్ల వాయిదాలు వున్నాయి. పెద్దకొడుకు ఎడ్మంటనులో ఉద్యోగము. ఆయన భార్య ఫోనులో కొడుకుతో మాటవరసకు అన్నదట: "మీ బాపు చేతులు పొద్దుగాల తెల్లగ సున్నమోలె అయితన్నయ్ బిడ్డా. చాయ గిలాస గుడ పట్టుకొస్తలేదు." అంతే, మూడు వారాలకు పార్శిలు వచ్చింది.

ఆయన దానిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏందిరా ఇది, స్టీరింగుకు స్వెటరా? ఇది తొడుక్కొని అంగట్లకు పోతే నవ్వరా?" అన్నాడు. ఫోనులోనుంచి కొడుకు, "నవ్వనియ్ బాపూ, చేతులు నీయి, నవ్వెటోళ్లయి గావు గద," అన్నాడు. ఆ మాట మాకు నచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు మావైపు తిరిగి, "అన్నా, నువ్వు జెర కాయితం చదివి చెప్పు, పెట్టొచ్చునా పెట్టద్దా?" అని అడిగింది. కాగితంమీద ఇంగ్లీషులో వున్నదంతా చదివి చెప్పాము. వోల్టులు సరిపోతున్నాయి. అక్కడి కారూ 12 వోల్టులే, ఇక్కడి పికప్పూ 12 వోల్టులే. ఇక మిగిలింది బండిమీద పెట్టి చూడడమే.

ఇంజను తియ్యకుండా, ఇంటిముందే తొడుగు తొడిగి, వైరు గుచ్చి, మెల్లగా స్టీరింగును ఒక చివరికి తిప్పించాము. మొదటి చుట్టుకు వైరు స్టీరింగు కాండాన్ని చుట్టుకొన్నది. రెండవ చుట్టుకు ఇండికేటరు పుల్లను పట్టుకొన్నది. మూడవ చుట్టు పూర్తి కాకముందే తాళంచెవుల గుత్తిని లాగింది. చక్రం అక్కడ ఆగింది. కావాలని గట్టిగా తిప్పితే వైరు తెగుతుంది. తెగకపోతే మరీ కష్టము, ఎందుకంటే తిరగవలసిన చక్రం తిరగదు. ఇది ఇంటిముందు, బండి నిలిచి వుండగా. మూలమలుపులో ఎదురుగా లారీ వున్నప్పుడైతే? ఇంటాయన ఏమీ అనలేదు. వైరు పీకి, తొడుగు విప్పి, మడతపెట్టి భార్య చేతికిచ్చాడు.

తొడుగు చెడ్డది కాదు. నిలిచివున్న బండిలో బయలుదేరబోయే ముందు ఐదు నిమిషాలు గుచ్చి, చక్రం వెచ్చబడ్డాక వైరు పీకేసి తోలుకొని పోయేందుకని చేసినవీ వున్నాయి. అటువంటివాటికి వైరు తొడుగునుంచి పూర్తిగా ఊడివస్తుంది. ఆ విధంగా వాడుకొనేవాడికి పేచీ లేదు. ఇక్కడ కూడా రెండు సంగతులు చూడాలి. ఒకటి, తొడుగు మన చక్రం కొలతకు సరిగ్గా బిగియాలి. చక్రంమీద తొడుగు జారితే చెయ్యి తిరుగుతుంది, చక్రం తిరగదు. రెండవది, 12 వోల్టుల తొడుగును పెద్దలారీలో గుచ్చరాదు. పెద్దలారీలకు 24 వోల్టులు వుంటాయి. వోల్టులు రెండింతలైతే అదే తీగలో కరెంటూ రెండింతలవుతుంది, వేడి నాలుగింతలవుతుంది. 60 వాట్లు 240 వాట్లన్నమాట. అది చేతులు కాచుకొనే సాధనం కాదు, కుంపటి.

ఎవరైనా రెండవ పద్ధతిని, అంటే చక్రాన్నే విప్పి వేడిచక్రం బిగించే పనిని తలపెడితే, ఇంటివారికి కొన్ని సంగతులు తెలిసి వుండాలి. పని చేసేది మేస్త్రీయే అయినా పక్కన నిలబడి చూడవలసింది మనము. ఇక్కడి సరకు పికప్పులు చాలావాటికి ఎయిర్ బ్యాగు లేదు. కాని 2019 జూలై 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లకు తోలేవాడి ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయింది. పికప్పులలోనూ వున్నవి వున్నాయి. ఎయిర్ బ్యాగు అంటే గాలిసంచి మాత్రమే కాదు, దానిని రెప్పపాటులో నింపే మందుగుండు కూడా అందులో వుంటుంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పకుండా దానిమీద చెయ్యి వెయ్యరాదు. విప్పిన తర్వాత కూడా కంపెనీ పుస్తకం చెప్పినంత సేపు ఆగాలి, లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి. దాని వైర్లను మీటరుతోనో, టెస్టు బల్బుతోనో పరీక్షించరాదు. ఆ వైర్లకూ, వాటి గుత్తులకూ సాధారణంగా పసుపురంగు వేస్తారు. పసుపు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. విప్పిన సంచిని ముఖం పైకి వుండేటట్లు పట్టుకోవాలి, పైకి వుండేటట్లే పెట్టాలి. ముఖం కిందికి పెట్టినది పొరపాటున పేలితే దిమ్మతో సహా ఎగురుతుంది.

చక్రం తియ్యకముందు చక్రాలు రెండూ సూటిగా వున్నవో లేదో చూసుకొని, స్టీరింగుకూ కాండానికీ కలిపి సుద్దతోనో, రంగుతోనో గుర్తు పెట్టుకోవాలి. క్లాక్ స్ప్రింగు డబ్బీని సరిగ్గా నడిమధ్యన వుంచి బిగించాలి. ఒక చుట్టు ఇటో అటో అయితే ఆనాటికి బాగానే కనిపిస్తుంది. ఎప్పుడో బండిని పూర్తిగా మళ్లించిన రోజున లోపలి రిబ్బను తెగుతుంది. అప్పుడు హారనూ పోతుంది, ఎయిర్ బ్యాగూ పోతుంది. చలి తీర్చుకోబోయి ప్రాణరక్షణ పోగొట్టుకొన్నట్లవుతుంది. నడిమి నట్టును పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాలి. ఒక కంపెనీ బండి చక్రం ఇంకొక కంపెనీ కాండంమీద కూర్చోదని తెలిసిందే గదా. లోపలి పళ్లు వేరు. ఆకురాయితో అరగదీసి కూర్చోబెడతానన్న మేస్త్రీకి నమస్కారం పెట్టి బండి వెనక్కి తెచ్చుకోవడం మంచిది.

కరెంటు ఎక్కడనుంచి తీసుకోవాలన్నది మరొక సంగతి. దొరికిన వైరును గీకి తగిలించడం మనవైపు అలవాటు. అది ఎప్పుడూ మంచిది కాదు. ఈ పనిలో మరీ కాదు. బ్యాటరీనుంచి వేరే తీగ లాగాలి. బ్యాటరీకి దగ్గరలోనే తగిన ఫ్యూజు పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకు ఇవతలి తీగ రేకుకు ఒరుసుకొని తెగితే ఆపేవాడు లేడు. మధ్యలో రిలే పెట్టి, తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చేటట్లు చెయ్యాలి. లేకపోతే రాత్రి మరచిపోయిన వేడిచక్రం గంటకు 5 ఆంపియర్ల చొప్పున పది గంటలలో 50 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇక మిగిలేదేమిటి? తెల్లవారి వెచ్చని చక్రం వుంటుంది, ఇంజను కదలదు. కొన్నవారి బండి ఇంకా వారంటీలో వుంటే, ఇటువంటి పని చేయించేముందు కంపెనీవారిని, ఇన్సూరెన్సువారిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారము నమోదు పత్రంలోని వివరాలు మారేటట్లు బండిని మార్చరాదు. స్టీరింగు వేడి ఆ పత్రంలోకి ఎక్కే వివరం కాదు. అయినా బండి కాలిన తర్వాత గీకిన వైరు ఎవరిదన్న ప్రశ్న వస్తే నోటిమాట పనికిరాదు.

వేడి ఎంత వుండాలన్నది మన ఇళ్లకు ముఖ్యమైన మాట. చక్కెరజబ్బు చాలాకాలంగా వున్నవారికి చేతులలో, కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. వేడి తగిలినా తెలియదు. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చర్మం కాలడాన్ని గురించి పరిశోధించి, 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలపాటు విడవకుండా తగిలితే చర్మం కాలుతుందని చూపించారు. 44 డిగ్రీలంటే మన గ్రీష్మపు మధ్యాహ్నపు గాలి వేడి, అంతకన్న కాదు. కాబట్టి వేడిని కనిపెట్టి ఆపే సాధనం లేని చవకతొడుగును స్పర్శ తగ్గినవారు అసలే వాడరాదు.

ఇక ఆ ఇంటాయన చేతుల సంగతి. చలికి వేళ్లు తెల్లగా సున్నంలా మారి, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఎర్రగా అయి మంటపెట్టడమనేది వట్టి చలి కాదు. 1862లో ఫ్రాన్సులో మోరిస్ రేనో అనే వైద్యుడు దీనిని వర్ణించి చెప్పాడు. నేటికీ ఆయన పేరే దానికి వున్నది. వేళ్లలోని సన్నని రక్తనాళాలు చలికి అవసరాన్ని మించి ముడుచుకొని పోవడమే ఇందులోని కీలకము. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్ ఫర్డ్ రాతిక్వారీలకు పోయి, గాలిసుత్తులు పట్టుకొని రాళ్లు చెక్కేవారి వేళ్లు చలివేళ ఇట్లాగే చచ్చుబడి తెల్లబారడం చూసింది. చలితోపాటు అదురు కూడా కలిస్తే వేళ్లకు చెరుపు. పొగాకు ఈ నాళాలను మరింత ముడుచుకొనేటట్లు చేస్తుంది. రక్తపోటుకు ఇచ్చే మాత్రలలో కొన్నిటివల్ల కూడా ఇది ఎక్కువకావచ్చును. అందుకని మాత్రలు మనంతట మనమే మానెయ్యరాదు. ఇచ్చిన డాక్టరుకే చెప్పాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఆ కుటుంబంలో చివరకు చక్రంకన్న చేతులే ముఖ్యమని తేలింది. తెల్లబారిన వేళ్ల సంగతి ఆయన ఇంట్లో చెప్పకుండా రెండు చలికాలాలు దాచాడు. బండి ఆగితే వాయిదా ఆగుతుందని భయము. పార్శిలు రాకపోతే మూడవ చలికాలమూ దాచేవాడే. తొడుగు పనికిరాలేదుగాని, అది చేసిన మేలు ఒకటి వున్నది. దాని పుణ్యమా అని మాట బయటపడింది. ఆయనను అహేరిలో డాక్టరుకు చూపించారు. బీడీ మానమన్నారు. మానడం మొదలుపెట్టాడు, పూర్తిగా మానాడని మేము హామీ ఇవ్వలేము. లోపల పలుచని ఉన్ని, అరచేతివైపు తోలు వున్న చేతితొడుగులు కొన్నారు. మందపాటివి కొంటే చక్రం పట్టు చేతికి తెలియదు, అందుకని పలుచనివే. ఇంటినుంచి బయలుదేరేముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి, బాగా తుడుచుకొని తొడుక్కొంటాడు. సంతవారితో మాట్లాడి బయలుదేరే వేళ ఒక గంట వెనక్కి జరుపుకొన్నాడు. బేరంలో కొంత తగ్గింది. ఇల్లాలు ఆ తగ్గినదాన్ని లెక్కలో రాసుకోలేదు.

చక్రాన్ని ముట్టుకోకుండా చేతులనే వెచ్చచేసే ఇంకొక దారీ వున్నది. చిన్న బ్యాటరీలతో వేడెక్కే చేతితొడుగులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. వాటి తీగ మనిషితోపాటే తిరుగుతుంది, చక్రానికి చుట్టుకోదు. మలుపులో అడ్డం రాదు. 12 వోల్టులా, 24 వోల్టులా అన్న గొడవా లేదు. ఎడ్మంటనులో వున్నవారికి కంపెనీ బిగించిన వేడిచక్రము సరి. ఏడాదికి నెలన్నర, రెండు నెలల చలి వుండే మనకు చేతులకు తొడిగేదే సరి అని మా అభిప్రాయము. విదేశాలలో వున్న మన పిల్లలు అమ్మానాన్నలకు ఏదైనా పంపదలిస్తే ఇది పంపవచ్చును. ముందు ఫోను చేసి, "చేతులు ఎట్లున్నయ్?" అని అడిగి మరీ పంపితే ఇంకా మంచిది.

అయినా ఎవరికైనా వేడిచక్రమే కావాలంటే కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. చక్రం ఆ చివరినుంచి ఈ చివరికి పూర్తిగా తిరిగితే దీని తీగ ఎక్కడ వుంటుంది? తగినంత వేడెక్కితే దీనిని ఆపేది ఏది? తాళం తీసేస్తే కరెంటు ఆగుతుందా? మూడింటికీ తిన్నగా జవాబు చెప్పిన దుకాణదారు దగ్గర కొనండి. మొదటి ప్రశ్నకు నవ్వేసి ఊరుకున్నవాడి దగ్గర మాత్రం కొనకండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మన ఇంటి మనిషి చేతులలో వుంటుంది, మూలమలుపులో, మంచులో, ఎదురుగా లారీ వచ్చేవేళ.

ఈ పుష్యమాసంలో బండి తోలే మీ ఇంటివారి వేళ్లను ఒకసారి పట్టుకొని చూడండి. తెల్లబారి వుంటే దాచనియ్యకండి.